మోకాలి గీత దగ్గర బంతులు

శనివారం మధ్యాహ్నం మేనేజరు నన్ను తన గదిలోకి పిలిచి, మా దగ్గర పనిచేసే బాపట్ల అమ్మాయిని సోమవారం నుంచి రావద్దని చెప్పబోతున్నానన్నారు. నా అభిప్రాయం అడగలేదు. ఆమె పని చివరికి నా చేతి మీదుగానే పోతుంది కాబట్టి ముందుగా తెలియజేశారు, అంతే. నేను తల ఊపాను. అలా తల ఊపినందుకే ఇప్పుడిది రాస్తున్నాను.

మా ఆఫీసు తెనాలిలో ఒక బట్టల కొట్టు పైన మేడ మీద ఉంటుంది. అంతకుముందు నేను ఇరవై ఏళ్ళకు పైగా ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దాను. పుస్తకాలు తగ్గి శుభలేఖలు మిగిలాక ప్రెస్సుకు నా అవసరం తీరింది. తప్పులు పట్టే అలవాటున్న మనిషి కావాలని ఎవరో చెబితే ఇక్కడ చేరాను. ఇక్కడికి అమెరికాలో ఆడిన బేస్‌బాల్ మ్యాచుల వీడియోలు వస్తాయి. ఒక్కొక్క బంతినీ, చేతిలోంచి వదిలిన క్షణం నుంచి వెనక గ్లవులో పడే దాకా, ఒక ముక్కగా కత్తిరించాలి. ఆ ముక్క మంచి బంతో కాదో రాయాలి. ఇలా వేల ముక్కలు చూపిస్తే యంత్రం తనంతట తానే తీర్పు చెప్పడం నేర్చుకుంటుందట.

చేరిన రోజుకి మాలో ఎవరికీ ఆ ఆట తెలియదు. బంతి నేల మీద పడదు. కర్ర పట్టుకున్నవాడి వెనక ఒకడు గొంతుక్కూర్చుని తోలు గ్లవుతో పట్టుకుంటాడు. మా వాళ్ళు వాణ్ణి కీపర్ అనే అంటారు. కర్రవాడి ముందు నేలలో ఐదు మూలల తెల్ల పలక ఉంటుంది. ఆ పలక వెడల్పున, వాడి మోకాలి నుంచి ఛాతీ దాకా, కంటికి కనపడని ఒక చట్రం ఉందనుకోవాలి. వాడు కొట్టకుండా వదిలేసిన బంతి ఆ చట్రంలోంచి పోతే స్ట్రైక్, బయటి నుంచి పోతే బాల్. స్ట్రైక్ అయితే బంతి వేసినవాడికి లాభం, బాల్ అయితే కర్రవాడికి. కంప్యూటరులో ఆ రెండు బటన్ల పక్కన 'తెలియదు' అని మూడోది ఉంటుంది. ఒక ముక్కను ఇద్దరు విడివిడిగా చూస్తారు. ఇద్దరి మాటా కలిస్తే సరే. కలవకపోతే అది మూడో కుర్చీకి వస్తుంది. మూడో కుర్చీ నాది.

మొదటి నెలలో మేం 'తెలియదు' చాలాసార్లు నొక్కాం. పని ఇచ్చిన కంపెనీ వాళ్ళు, ఇన్ని తెలియకపోతే ఎలాగని రాశారు. మేనేజరు అందర్నీ కూర్చోబెట్టి అదే అడిగారు. అప్పుడు నేను ఒక మాట చెప్పాను. మా అన్నయ్య రేపల్లెలోనూ చుట్టుపక్కలా క్రికెట్ టోర్నమెంట్లకు అంపైరుగా నిలబడేవాడు. చిన్నప్పుడు ఆయన పక్కన బల్ల వేసుకుని స్కోరు రాసేదాన్ని. అనుమానం ఉంటే బ్యాట్స్‌మన్‌కే ఇవ్వాలి అనేవాడు. ఆ మాటే అందరికీ చెప్పాను. ఎవరికీ విడమరచవలసిన అవసరం రాలేదు. క్రికెట్ చూస్తూ పెరిగినవాళ్ళం కదా, అందరూ ఒక్కసారే తలలు ఊపారు. ఆ రోజు నుంచి అనుమానం వచ్చిన అంచు బంతులకు 'బాల్' నొక్కాం.

"అది మాత్రం కరెక్టక్కా," అన్నాడు మా రేపల్లె అతను. ముప్పై దాటినా ఆదివారాలు ఇంకా ఫాస్ట్ బౌలింగ్ వేసే మనిషి. "మా ఊరి అంపైర్లు అనుమానం లేకపోయినా బ్యాట్స్‌మన్‌కే ఇస్తారు."

ఆ రోజు నాకు సంతోషం వేసింది. అన్నయ్య పోయి అప్పటికి నాలుగు నెలలు. ఆయన మాట ఇంకా ఎక్కడో పనికొస్తోంది అనిపించింది. ఆ సంతోషమే నన్ను ఏమరుపాటులో పడేసింది. ఆ నియమం ఎక్కడా కాగితం మీద లేదు. బాపట్ల అమ్మాయి ఆ తర్వాత రెండు వారాలకు చేరింది. ఆమెకు ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన విషయమని ఎవరికీ తోచలేదు. వాళ్ళింట్లో మగవాళ్ళు సముద్రం మీద చేపల వేటకు పోతారు, టీవీలో సీరియళ్ళు తప్ప వేరేవి పెట్టరు. ఆమె జీవితంలో ఒక్క క్రికెట్ మ్యాచు కూడా పూర్తిగా చూడలేదు.

నాలుగు నెలల తర్వాత, ఒక గురువారం, కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. చట్రం అంచు బంతుల్లో మీ లేబుళ్ళు నికరంగా లేవు, వచ్చే శుక్రవారం లోపల సరిచేసి పంపండి, మళ్ళీ నమూనా తీసి చూస్తాం, అప్పుడూ ఇలాగే ఉంటే పని వేరే చోటికి పోతుంది. మేనేజరు దుగ్గిరాల మనిషి. వాళ్ళ నాన్న పసుపు వ్యాపారం చేసేవారు. సరుకులో ఎక్కడో ఒక చెడ్డ బస్తా ఉండి మొత్తం రేటు పడిపోతోందని ఆయన లెక్క. మార్కుల పట్టిక తీశారు. చివరి తీర్పుతో మాట కలిసిన శాతాన్ని బట్టి ఒక్కొక్కరికీ మార్కు వస్తుంది. బాపట్ల అమ్మాయిది అందరికంటే కింద ఉంది.

శుక్రవారం పొద్దున నేను ఆ మెయిల్‌తో పాటు వాళ్ళు పంపిన ముక్కలు తెరిచాను. మొదటిది చట్రం కింది అంచున, మేం మోకాలి గీత అనే చోట. రెండోదీ అక్కడే. మూడోది పలక అంచున. అన్నిటికీ మేం 'బాల్' అని రాశాం. అన్నిటికీ వాళ్ళ జవాబు 'స్ట్రైక్'. ఎవరు ఏం నొక్కారో చూశాను. సగానికి పైగా ముక్కల్లో ఆమె స్ట్రైక్ అంది, రెండోవాళ్ళు బాల్ అన్నారు, మూడో కుర్చీ నుంచి నేను బాల్ అన్నాను. నేను కాదన్న ప్రతిసారీ ఆమె మార్కు తగ్గింది.

ఇంకా నాలుగు తెరిచి, మూసేశాను. ఇంకొంచెం చూసి నిర్ధారణ చేసుకోవాలి అనుకున్నాను. సాయంత్రం దాకా వేరే పని చేశాను. రాత్రి సరిగ్గా తినలేదు. మర్నాడు మధ్యాహ్నం మేనేజరు పిలిచారు. నేను తల ఊపాను.

ఆమె హెడ్‌ఫోన్లు తిరిగి ఇచ్చి, టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుంది. "నేనేం తప్పు చేశానండి?" అని మేనేజర్ని అడిగింది. "మార్కు తక్కువమ్మా, నేనేం చెయ్యను" అన్నారు ఆయన. నా బల్ల దగ్గర ఆగి, "వెళ్ళొస్తానండి మేడమ్" అంది. మంచిది అన్నాను. ఆ మాట ఎలా వచ్చిందో తెలియదు.

ఆదివారం రేపల్లె వెళ్ళాను. వదిన అన్నయ్య సామాన్లు సర్దుతోంది, నన్ను రమ్మని నెల నుంచి అడుగుతోంది. రైల్లో కిటికీ పక్కన కూర్చుని మెయిల్ మళ్ళీ చదివాను. భట్టిప్రోలు వచ్చేసరికి మరో రెండుసార్లు చదివాను. నేను చెప్పకపోతే ఏమవుతుంది? ఆమె పోయినా అంచు బంతులు అలాగే ఉంటాయి. వచ్చే శుక్రవారం పని పోతుంది, అందరి ఉద్యోగాలూ పోతాయి. కారణం ఎవరికీ తెలియదు. ఆమె వల్లే అనుకుంటారు. చెబితే? ఈ యాభై రెండేళ్ళ వయసులో మళ్ళీ ఎవరిని పని అడగాలి? ఇవి రెండూ చెబుతున్నాను గానీ, నిజానికి నన్ను నొక్కుతున్నది మూడోది. అన్నయ్య మాట తప్పని నలుగురిలో చెప్పాలి.

అన్నయ్య అంపైరింగుకు వేసుకునే తెల్ల కోటు వదిన ఉతికి మడత పెట్టింది. ఎవరికైనా ఇస్తానంది. నేను ఆఫీసు సంగతి మొత్తం చెప్పాను, చెప్పాలనుకోకుండానే.

వదిన ఆ కోటు విప్పి మళ్ళీ మడత పెట్టింది. తర్వాత, "నీకో సంగతి చెప్పలేదు," అంది. "ఆఖరి మూడేళ్ళు మీ అన్నయ్యకి సాయంత్రం నాలుగు దాటితే బంతి ఆనేది కాదు. షుగరు కళ్ళ మీదికి వచ్చింది."

"అంపైరింగ్ మానలేదు కదా?"

"ఎక్కడ మానారు! ఎల్బీ అప్పీలు వస్తే తల అడ్డంగా ఊపేసేవారు. ఏంటండీ ఇది అంటే, నాటౌటంటే ఎవరూ కొట్టరే, అనుమానం బ్యాట్స్‌మన్‌కే అంటే అందరూ ఊరుకుంటారు, అనేవారు."

"నాకు ఎందుకు చెప్పలేదు?"

"నీకు చెబితే మాన్పించేదానివి. ఆయనకి ఆ ఎండలో నిలబడ్డమే ఇష్టం. ఏం చెయ్యమంటావు?"

నాకు కోపం రాలేదు. మా ఇద్దరికీ పెద్ద వయసు తేడా. ఆయన నాకు ఆ మాట చెప్పినప్పుడు కళ్ళు బాగానే ఉన్నాయి. నియమమూ సరైనదే. అంపైరు బంతిని ఒక్కసారే చూస్తాడు. ఒక్కసారి చూసి చెప్పాల్సిన మనిషికి తెలియనప్పుడు ఎటో ఒకవైపు మొగ్గాలి, అందుకు ఆ నియమం. మేం బంతిని గాలిలో ఆపి చూస్తాం. ఒక ఫ్రేము వెనక్కి, ఒక ఫ్రేము ముందుకి. ఆపి చూడగలిగినవాళ్ళకు ఆ నియమంతో పని లేదు. పైగా కంపెనీ ఇచ్చిన పుస్తకంలో ఏడో పేజీలో, బంతిలో ఏ కొంచెం భాగం చట్రాన్ని తాకినా స్ట్రైకే అని ఉంది. ఆ పేజీ నేను చదివాను. అందులో రెండు అచ్చుతప్పులు పట్టి మేనేజరుకి చూపించాను కూడా. వాక్యం మాత్రం నాలోకి పోలేదు.

సోమవారం పొద్దున తొమ్మిదిన్నరకు మేనేజరు గది ముందు నిలబడ్డాను. రెండుసార్లు వెనక్కి వచ్చాను. మూడోసారి ఆయనే చూసి, "రండి మేడమ్, ఏంటి అలా తిరుగుతున్నారు?" అన్నారు.

"సార్, తప్పు ఆ అమ్మాయిది కాదండి. నాది."

కంపెనీ పంపిన వాటిలో పన్నెండు ముక్కలు వరసగా చూపించాను. ఆయన కుర్చీ ముందుకు జరుపుకుని చూశారు.

"కరెక్టే కదండీ," అన్నారు. "డౌటున్నప్పుడు బ్యాటర్‌కే కదా ఇస్తాం?"

"అక్కడే వచ్చిందండి తప్పు. ఇది క్రికెట్ కాదు. ఏడో పేజీలో ఉంది."

"ఏడో పేజీ దాకా ఎవరు చదివారండీ?"

"నేను చదివాను సార్."

ఆయన నన్ను చూశారు. తిడతారనుకున్నాను. తిడితే తేలికగా ఉండేది. "మరి వాళ్ళకేం రాద్దాం?" అన్నారు. "మా ఊళ్ళో అందరం క్రికెట్ ఆడతామండి, అందుకే ఇలా అయింది అనా? నవ్వుతారు."

"అదే రాద్దామండి. నవ్వితే నవ్వనివ్వండి. శుక్రవారం లోపల తేడా వచ్చిన ముక్కలన్నీ మళ్ళీ చూడాలి. ముందు ఆ అమ్మాయిని పిలవండి."

"పొమ్మన్న నోటితో నేను పిలవలేనండి. మీరు చెయ్యండి ఫోను."

ఫోను ఎత్తలేదు. మధ్యాహ్నం చేశాను, సాయంత్రం చేశాను. మంగళవారం పొద్దున బాపట్ల రైలెక్కాను. స్టేషన్ నుంచి సముద్రం వైపు ఆటోలో వెళ్ళి, ఇద్దర్ని అడిగి ఇల్లు పట్టుకున్నాను. గుమ్మంలో వాళ్ళమ్మ కూర్చుని ఉంది. ఎవరని అడిగి, తెనాలి ఆఫీసు అనగానే ముఖం మారింది.

"కంప్యూటరు ఉద్యోగమని వీధంతా చెప్పుకున్నామండి," అంది. "ఇప్పుడు పొమ్మన్నారంట ఏం చేసిందంట అని అడగనివాళ్ళు లేరు. ఒకడు డబ్బులు పోయాయంటాడు, ఒకడు ఫోను కొట్టేసిందంటాడు. తల్లిని, నాకే తెలీదు. మీరు చెప్పండి, ఏం చేసింది నా కూతురు?"

"ఏమీ చెయ్యలేదమ్మా."

"ఏమీ చెయ్యకపోతే ఎవరైనా పొమ్మంటారా?"

"తప్పు చేసింది నేను."

ఆవిడ గుమ్మంలోంచి లేచింది. లోపలికి తిరిగి, "ఇదిగో, మీ పెద్దావిడ వచ్చింది. తప్పు తనదేనంట, విను" అని కేకేసింది.

అమ్మాయి బయటికి వచ్చింది. రొయ్యల కంపెనీలో పని కుదిరిందట. గురువారం చేరాలి. ఆ కంపెనీ వాళ్ళిచ్చిన టోపీ, గ్లవులు అరుగు మీద ఎండలో ఆరేసి ఉన్నాయి. నేను జరిగింది చెప్పాను. మధ్యలో ఏమీ అడగకుండా విన్నది.

"నువ్వు మోకాలి గీత దగ్గర బంతిని ఎలా చూసేదానివి?" అని అడిగాను.

"ఎలా ఏంటండి? పలక మీదికి వచ్చినప్పుడు ఆపుతాను. గీతని తాకిందా లేదా చూస్తాను. తెలీకపోతే తెలీదని నొక్కుతాను. అదే కదండి పని?"

"అదే."

"శనివారం మీకు తెలుసాండి?"

ఈ ప్రశ్న కోసం రైల్లో మూడు జవాబులు తయారు చేసుకున్నాను. ఒక్కటీ పనికిరాలేదు. "సగం తెలుసు," అన్నాను.

"సగం అంటే?"

"చూశాను. పూర్తిగా చూడకుండా ఆపేశాను."

ఆమె గ్లవులు తిరగేసింది. "అప్పుడే చెప్పాల్సిందండి."

"అవును."

"ఇప్పుడు నేనొస్తే, తేడా వచ్చినవి మళ్ళీ మీ దగ్గరికే వస్తాయి కదా? మళ్ళీ మీరే కాదంటారు కదా?"

"రావు. మూడో కుర్చీలో నువ్వు కూర్చో. నేను కింద, మొదటి ఇద్దరిలో ఒకరిగా చూస్తాను."

ఆ మాట ఇచ్చే అధికారం నాకు లేదు. మేనేజర్ని అడగలేదు. ఆమె వస్తాననీ అనలేదు, రాననీ అనలేదు. మా అమ్మతో మాట్లాడాలి అంది. తిరుగు రైల్లో నిడుబ్రోలు దాటిందాకా మేనేజరుకి చెప్పాల్సిన మాటలు వల్లె వేసుకున్నాను. ఆఫీసుకు వెళ్ళి కుర్చీ సంగతి చెబితే మేనేజరు, "నన్నడక్కుండానే పంచేశారా?" అన్నారు. తర్వాత, "సర్లెండి, ముందు రానివ్వండి" అన్నారు.

బుధవారం బాపట్ల వైపు నుంచి వచ్చే ప్యాసింజరు నలభై నిమిషాలు ఆలస్యమైంది. నేను కిటికీ దగ్గరికీ బల్ల దగ్గరికీ తిరుగుతూనే ఉన్నాను. పదిన్నరకు ఆమె మెట్లెక్కి వచ్చింది. తన పాత బల్ల దగ్గర సంచి పెట్టి, కంపెనీ పంపిన ముక్కలు తెరిచి, ఒక చీటీ మీద ఏదో రాసుకుంటూ కూర్చుంది.

మధ్యాహ్నం అందరూ ఉండగానే నేను లేచి చెప్పాను. మూడో కుర్చీ నుంచి ఇచ్చిన తీర్పులు తప్పని, ఆ నియమం నేను తెచ్చిందని, అది ఈ ఆటకు సరిపోదని, ఈ అమ్మాయి చూసిందే సరైనదని. అన్నయ్య కళ్ళ సంగతి చెప్పలేదు. అది వాళ్ళకు అవసరం లేదు.

"అంటే నాలుగు నెలలుగా బౌలర్లకి అన్యాయం చేశామన్నమాట," అన్నాడు రేపల్లె అతను. "అదీ నా చేత్తో! నేనే ఒక బౌలర్ని, నాకే తట్టలేదు. నాకు అంపైర్లు చేసింది చాల్దా అక్కా?"

నవ్వారు. ఆమె నవ్వలేదు. "నావన్నీ సరైనవి కాదండి," అంది. "వాళ్ళు పంపిన వాటిలో ఆరు నావి కూడా తప్పే. రాసుకున్నాను." చీటీ తీసి మేనేజరు ముందు పెట్టింది.

మూడు రోజులు తేడా వచ్చిన ముక్కలన్నీ మొదటి నుంచి చూశాం. తెలియనిచోట తెలియదనే నొక్కాం. నా పాత తీర్పులు ఒక్కొక్కటే ఆమె ముందు తెరుచుకోవడం పక్క బల్ల నుంచి నాకు కనిపించేది. కొన్నిచోట్ల ఆమె నా వైపు చూసేది, అడిగేది కాదు. నేను చూపు తిప్పుకోలేదు. శుక్రవారం సాయంత్రం మొత్తం పంపాం. క్రికెట్ సంగతి కూడా ఉత్తరంలో రాశాం. తర్వాతి మంగళవారం జవాబు వచ్చింది. పని మా దగ్గరే ఉంటుంది, వచ్చే నెల మళ్ళీ నమూనా తీస్తారు. క్రికెట్ గురించి వాళ్ళు ఏమీ అనలేదు. ఆమె మూడో కుర్చీలోనే ఉంది. ఆ వచ్చే నెల గురించి నాకు ఇప్పటికీ దిగులుగానే ఉంది.

జవాబు వచ్చిన రోజే ఆమె నా దగ్గరికి వచ్చి, ఒక కాగితం కావాలండి అంది. తనను శనివారం పంపేయడం పొరపాటని ఆఫీసు వాళ్ళే రాసివ్వాలి. తెలుగులో ఉండాలి. నేను రాశాను, మేనేజరు సంతకం పెట్టి స్టాంపు వేశారు. ఆమె నిలబడే రెండుసార్లు చదివింది.

"ఎవరి పొరపాటో రాయలేదండి," అంది.

నిజమే. 'ఆఫీసులో జరిగిన పొరపాటు వల్ల' అని రాశాను. ప్రూఫులో అయితే అలాంటి వాక్యం పక్కన గీత పెట్టేదాన్ని. కాగితం వెనక్కి తీసుకుని కొత్తది రాశాను. మూడో కుర్చీలో పనిచేసిన నా తప్పు తీర్పుల వల్ల ఈమె మార్కు తగ్గిందని, ఈమె వైపు ఏ తప్పూ లేదని రాసి కింద నేనూ సంతకం పెట్టాను.

"మా అమ్మకి చదవడం రాదండి," అంది ఆమె. "పక్కింటి బాబాయి చదివి వినిపిస్తాడు. ఆయన చదివితే వీధి మొత్తానికి వినిపిస్తుంది." కాగితం మడవకుండా పుస్తకం మధ్యలో పెట్టుకుని, ఐదు గంటల రైలుకు వెళ్ళిపోయింది.